జాతి, జన్మ, సమత: మానవ పరిణామ భావన లేవనెత్తే నైతిక ప్రశ్న – కృష్ణాతీర నేపథ్యం

1. ప్రవేశిక

చార్లెస్ డార్విన్ రచన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’ 1871 ఫిబ్రవరిలో లండన్‌లో వెలువడింది. మానవుడు పూర్వకాలపు ఇతర ప్రాణుల నుంచి క్రమంగా రూపొందినవాడనీ, భూమిపై ఉన్న మనుషులందరూ ఒకే వంశవృక్షానికి చెందినవారనీ ఆ గ్రంథం ప్రతిపాదించింది. అదే ఏడాది అక్టోబరులో భారతదేశంలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. కొన్ని సమూహాలలో పుట్టినవారిని పుట్టుకను బట్టే నేరస్థులుగా నమోదు చేసే అధికారాన్ని ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. గ్రంథం మనుషులందరినీ ఒకే పుట్టుకలో చేర్చింది. చట్టం పుట్టుకనే ఆధారం చేసుకుని కొందరిని తక్కిన సమాజం నుంచి విడదీసింది.

ఈ రెండింటి జాడలూ కాలక్రమంలో కృష్ణా డెల్టాకు చేరాయి. డెల్టా పశ్చిమ భాగంలో బాపట్ల సమీపాన స్టువర్టుపురం వెలిసింది. తూర్పు భాగంలో ముదునూరులోనూ, ఆ తరువాత విజయవాడ పటమటలోనూ గోరా నాస్తిక కేంద్రం ఏర్పడింది. కొన్ని దశాబ్దాల తరువాత ఆ కేంద్రానికి చెందినవారే స్టువర్టుపురంలో సంస్కరణ కార్యానికి పూనుకున్నారు.

ఈ నేపథ్యంలో ఒక నైతిక ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మనుషులందరూ ఒకే పూర్వీకుల సంతతి అన్న శాస్త్రసత్యం నుంచి మనుషులందరూ సమానులన్న నైతిక సూత్రం సిద్ధిస్తుందా? ఆంధ్రదేశపు హేతువాద ప్రసంగాలలోనూ రచనలలోనూ ఈ రెండు మాటలు జంటగా వినిపిస్తూ వచ్చాయి. మొదటిది నిజమైతే రెండవది దానంతటదే నిజమవుతుందన్న విశ్వాసం ఆ జంటలో ఉంది. ఆ విశ్వాసాన్ని విచారణ లేకుండా అంగీకరిస్తే ఒక ప్రమాదం ఉంది. విచారణ లేకుండా తోసిపుచ్చితే మరొక ప్రమాదం ఉంది. ఆ రెండు ప్రమాదాల స్వరూపాన్ని తెలుసుకోవాలంటే ముందుగా ‘జాతి’ అన్న మాట దగ్గర ఆగవలసి ఉంటుంది.

2. జాతి శబ్దం – అర్థవిస్తృతి

‘జన్’ ధాతువు నుంచి ఏర్పడిన జాతి శబ్దానికి పుట్టుక అన్నది మొదటి అర్థం. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు ప్రాణుల వర్గాన్ని జాతి అంటాయి. లోకవ్యవహారంలో కులాన్నీ జాతి అంటారు. స్వాతంత్ర్యోద్యమం దేశప్రజలందరినీ కలిపి జాతి అన్నది. పశువులలో ఒంగోలు జాతి ఉంది, సంక్రాంతి పందేలకు పెంచే జాతికోడి ఉంది. ఛందశ్శాస్త్రం కందాన్నీ ద్విపదనూ జాతులుగానూ, ఆటవెలదినీ తేటగీతినీ సీసాన్నీ ఉపజాతులుగానూ విభజించింది. ఇంగ్లీషు వేర్వేరు మాటలు వాడే చోట్ల తెలుగు ఈ ఒక్క మాటతోనే పని జరుపుకొంటుంది. అందువల్ల ఒక సందర్భానికి చెందిన అర్థం మరొక సందర్భంలోకి తెలియకుండానే ప్రవేశిస్తుంది. కాకి జాతి, కోకిల జాతి వేరైనట్లే ఈ కులమూ ఆ కులమూ వేరన్న భావన మాటలోనే ఇమిడిపోతుంది.

ఈ కలయిక తెలుగుకు మాత్రమే పరిమితమైనది కాదు. న్యాయ, వైశేషిక దర్శనాలు జాతిని నిత్యమైన పదార్థంగా నిరూపించాయి. ఆవులు పుడతాయి, చనిపోతాయి. ఆవులన్నింటిలోనూ సమానంగా ఉండే గోత్వానికి మాత్రం పుట్టుకా లేదు, నాశమూ లేదు. ఈ తార్కిక భావనను సామాజిక విభజనకు అన్వయించినప్పుడు వివాదం మొదలైంది. గోత్వం వంటిదే బ్రాహ్మణత్వం కూడా ఒక జాతి అని కుమారిల భట్టు వంటి మీమాంసకులు సమర్థించారు. బౌద్ధ తార్కికులు దానిని ఖండించారు. గడ్డిలో, చెట్లలో, పురుగులలో, పక్షులలో జాతిభేదాన్ని తెలిపే గుర్తులు కనిపిస్తాయనీ, మనుషులలో అటువంటి గుర్తులు లేవనీ సుత్తనిపాతంలోని వాసేట్ఠ సుత్తం వాదిస్తుంది. అశ్వఘోషుని పేరిట ప్రచారంలో ఉన్న ‘వజ్రసూచి’ కూడా ఇదే మార్గంలో నడుస్తుంది. ఘంటసాల, భట్టిప్రోలు, అమరావతి స్తూపాలు వెలసిన ఈ నదీతీరానికి ఆ వాదం దూరపుది కాదు.

బౌద్ధుల వాదానికి ఒక హద్దు ఉంది. ప్రాణులలో జాతిభేదం స్థిరమన్న భావనను అది ప్రశ్నించలేదు. మనుషులకు ఆ భావన వర్తించదని మాత్రమే చెప్పింది. డార్విన్ తెచ్చిన మార్పు అక్కడ ఉంది. గోత్వం కూడా నిత్యం కాదని ఆయన సిద్ధాంతం తేల్చింది. జాతి అన్నది కాలంలో ఏర్పడి, కాలంలో మారి, కాలంలో అంతరించేది. ఒక జాతికీ మరొక జాతికీ మధ్య ఉన్న గీత ఈనాటి చూపుకు స్పష్టమైనదే కాని, వెనుకకు పోయేకొద్దీ చెరిగిపోతుంది.

ఈ విషయం డెల్టా రైతుకు ఒక విధంగా పరిచితమైనదే. బాపట్ల వ్యవసాయ కళాశాలలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వంగడం సంకరం, ఎంపిక అనే రెండు ప్రక్రియల ఫలితం. ఒంగోలు పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరి అక్కడి పచ్చికబయళ్లలో, అక్కడి పెంపకందారుల ఎంపికలో నెలోర్ అన్న పేరుతో స్థిరపడ్డాయి. కోడిపుంజుల పెంపకందారు తల్లిపెట్టనూ తండ్రిపుంజునూ చూసి జత కడతాడు. జాతి తయారవుతుందన్న సంగతి వీరందరికీ తెలుసు. డార్విన్ తన వాదాన్ని ‘జాతుల పుట్టుక’లో పావురాల పెంపకందారుల అనుభవంతోనే ప్రారంభించాడు. పొలంలో, పశువుల కొట్టంలో ఇంత సులభంగా అంగీకరించే సత్యాన్ని మనిషి తన పుట్టుక విషయంలో అంగీకరించడానికి జంకడం గమనించదగిన అంశం.

3. నిచ్చెన, చెట్టు

జాతి శబ్దంలాగే ‘పరిణామం’ అన్న మాటకు కూడా దార్శనిక వారసత్వం ఉంది. సాంఖ్యులు పాలు పెరుగు కావడాన్ని పరిణామం అన్నారు. వారి సత్కార్యవాదం ప్రకారం కార్యం కారణంలో ముందే దాగి ఉంటుంది. మార్పు అంటే దాగినది వ్యక్తం కావడమే. ‘పరిణతి’ అన్న రూపానికి పక్వత అన్న అర్థం కూడా ఉంది. ఈ మాటల వెంట ఒక అభిప్రాయం చదువరి మనస్సులో చేరుతుంది. మొదటి ప్రాణిలోనే మనిషి బీజరూపంలో ఉన్నాడనీ, కోట్ల సంవత్సరాల కథ అంతా అతడిని వ్యక్తం చేయడానికే జరిగిందనీ అనిపిస్తుంది. డార్విన్ చెప్పిన ప్రకృతివరణంలో అటువంటి గమ్యం లేదు. ఆయా పరిసరాలలో బతికి సంతానాన్ని మిగుల్చుకోగలిగిన రూపాలు నిలుస్తాయి, తక్కినవి పోతాయి.

దశావతారాలను జీవపరిణామంతో పోల్చే వివరణ కూడా ఇటువంటిదే. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు అన్న క్రమంలో జలచరం నుంచి మనిషి దాకా పరిణామకథ ఉందన్న పోలిక 1877 నాటి బ్లావట్‌స్కీ రచనలోనే కనిపిస్తుంది. 2019లో జలంధర్‌లో జరిగిన భారత విజ్ఞాన మహాసభ వేదికపై కూడా అది వినిపించింది. కావ్యకల్పనగా ఆ పోలిక రమ్యమైనదే. సిద్ధాంతంగా మాత్రం రెండింటి దిశలు వేరు. అవతారం పైనుంచి కిందికి రావడం. పూర్ణమైన దైవం అవసరానికి తగిన దేహాన్ని ధరిస్తుంది. ఒక అవతారం నుంచి మరొక అవతారం పుట్టదు. జీవపరిణామంలో తరం నుంచి తరం పుడుతుంది, పూర్ణత్వం ఎక్కడా ముందుగా ఉండదు.

పాఠ్యపుస్తకాలలోనూ గోడపత్రికలలోనూ కనిపించే బొమ్మ సైతం ఈ పొరపాటును బలపరచింది. వంగి నడిచే కోతి నుంచి నిటారుగా నడిచే మనిషి దాకా వరుసగా నిలబడిన ఆకారాలను చూసినవారికి పరిణామం ఒక నిచ్చెనగా తోస్తుంది. తెలుగు విమర్శలో ‘నిచ్చెనమెట్ల వ్యవస్థ’ అన్న ప్రయోగం కులవ్యవస్థకు స్థిరపడి ఉన్నది. జీవపరిణామాన్ని కూడా నిచ్చెనగానే గ్రహించిన సమాజంలో ఆ రెండు నిచ్చెనలూ ఒకదానికొకటి ఊతమవుతాయి. ఎవరో ఒకరు పైమెట్టుమీద, మరొకరు కిందిమెట్టుమీద ఉండడం ప్రకృతి ధర్మమే కదా అన్న ముగింపు వచ్చేస్తుంది.

శాస్త్రం చెప్పే కథ చెట్టును పోలినది. ఆదిమ ప్రైమేట్లు ఐదున్నర కోట్ల సంవత్సరాలకు పూర్వమే భూమిపై ఉన్నాయి. మనిషికీ చింపాంజీకీ దారితీసిన శాఖలు సుమారు 60, 70 లక్షల సంవత్సరాల క్రితం విడిపోయాయి. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన శిలాజాలను బట్టి నేటి మానవజాతి వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరాలు. ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర కనిపించే కోతి మనిషికి తాత కాదు, దాయాది. ఒకే ఇంటి నుంచి ఎన్నడో వేరుపడిన రెండు కుటుంబాల సంబంధం అది. కోతి మనిషిగా మారుతుండగా ఎవరూ చూడలేదన్న ఆక్షేపణ ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల కలిగినది.

కృష్ణా లోయకు ఈ కథలో తనదైన భాగం ఉంది. 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల రాజధానితో పాటు పాతరాతియుగపు పనిముట్లు కూడా బయటపడ్డాయి. కర్నూలు ప్రాంతపు జ్వాలాపురంలో సుమారు 74,000 సంవత్సరాల నాటి టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు లభించాయి. ఆ పనిముట్లు చెక్కిన చేతులకు కులం లేదు. మనిషి ఈ నేలమీద గడిపిన కాలంతో పోలిస్తే వర్ణవ్యవస్థ వయస్సు చాలా స్వల్పం.

4. చట్టం సృష్టించిన పుట్టుక: స్టువర్టుపురం

1871 చట్టం మొదట ఉత్తర భారతానికి పరిమితమైంది. 1911లో సవరించిన చట్టం ద్వారా మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఆ తరువాత కొద్దికాలానికే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం ఏర్పడింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ప్రధానంగా ఎరుకల కుటుంబాలను అక్కడ నిలిపారు. వేళకు హాజరు వేయించుకోవడం, అనుమతి లేకుండా ఊరు దాటకపోవడం నిబంధనలయ్యాయి. చీరాల పొగాకు కర్మాగారానికి ఆ ఊరు కూలీలను అందించింది.

ఈ చట్టం వెనుక డార్విన్ సిద్ధాంతం ఉన్నదని కొందరు భావిస్తారు. విషయం అంత సరళమైనది కాదు. చట్టాన్ని సమర్థించిన అధికారులు ముందుకు తెచ్చిన తర్కం ప్రధానంగా కులవృత్తుల పోలిక. ఈ దేశంలో వడ్రంగం, నేత తరతరాలుగా ఒకే కులంలో సాగుతున్నట్లే దొంగతనం కూడా కొన్ని కులాలకు వంశపారంపర్య వృత్తి అని వారు వాదించారు. అంటే ఆ చట్టానికి ఊపిరి పోసినది పుట్టుకే వృత్తినీ గుణాన్నీ నిర్ణయిస్తుందన్న దేశీయ భావన. దానికి వలసపాలకుల వర్గీకరణ వ్యసనం తోడైంది. నేరం రక్తంలో ఉందని నిరూపించిన జీవశాస్త్ర పరిశోధన ఏదీ దాని వెనుక లేదు.

అంతమాత్రాన డార్విన్ యుగపు ఆలోచన నిర్దోషమని చెప్పడానికి వీలులేదు. మనుషులందరిదీ ఒకే వంశమని చెప్పిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’లోనే నాగరికులు, అనాగరికులు అన్న తారతమ్య దృష్టి అనేకచోట్ల ఉంది. డార్విన్ బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1883లో ‘యూజెనిక్స్’ అన్న మాటను సృష్టించి, మేలైన మనుషుల వంశాన్ని పెంచాలన్న ఉద్యమానికి బీజం వేశాడు. ఆ బీజం ఇరవయ్యో శతాబ్దపు ఐరోపాలో ఎంత విషవృక్షమైందో లోకానికి తెలుసు. పరిణామ సిద్ధాంతం పేరు చెప్పుకుని సమతను ప్రబోధించినవారూ ఉన్నారు, మారణకాండను సమర్థించినవారూ ఉన్నారు. ఒకే ప్రతిపాదన నుంచి ఇంత విరుద్ధమైన ఆదేశాలు వెలువడ్డాయంటే, ఆ ఆదేశాలకు మూలం ఆ ప్రతిపాదనలో కాక మరొక చోట ఉన్నదని గ్రహించాలి.

నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. ఆ చట్టం పరిధిలోని సమూహాలకు విముక్త జాతులన్న పేరు వచ్చింది. విముక్తి చెప్పిన మాటలో కూడా ‘జాతి’ మిగిలింది. స్టువర్టుపురం పేరు దొంగతనానికి పర్యాయంగా సినిమా పేర్లలోకి ఎక్కింది. చట్టం పోయిన తరువాత కూడా ముద్ర భాషలో జీవించడానికి ఇది ఉదాహరణ.

5. గోరా ఆచరణ

గోపరాజు రామచంద్రరావు 1902లో జన్మించాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి అధ్యాపకుడయ్యాడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలోనూ, ఆ దశాబ్ది చివరలో మచిలీపట్నంలోనూ ఉద్యోగానికి దూరమయ్యాడు. 1940లో సరస్వతీ గోరాతో కలిసి ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించాడు. 1947లో అది విజయవాడ పటమటకు తరలింది. దేవుని పేరూ కులసూచనా కలిసి ఉన్న తన పేరును రెండక్షరాలకు కుదించుకున్నాడు. జంధ్యం విడిచాడు. పిల్లలకు కులాన్ని గాని దేవుళ్లను గాని తెలపని పేర్లు పెట్టాడు. ఉప్పు సత్యాగ్రహ సంవత్సరంలో పుట్టిన కుమారుడు లవణం, రెండవ ప్రపంచయుద్ధం మొదలైన సంవత్సరంలో పుట్టిన కుమారుడు సమరం. పేరు జాతిని చెప్పే సమాజంలో పేరును కాలానికి ముడిపెట్టడం సామాన్యమైన చర్య కాదు.

గోరా వృక్షశాస్త్ర విద్యార్థి కాబట్టి ఆయన నాస్తికత్వం జీవపరిణామం నుంచే నేరుగా వచ్చిందని ఊహించడం తేలిక. ఆయన వాదం నిలిచిన చోటు వేరు. దైవభావన మనిషిలో దాస్యబుద్ధిని పెంచుతుందనీ, తన స్థితికి తానే బాధ్యుడనన్న స్పృహ కలిగినప్పుడు మనిషి స్వతంత్రుడవుతాడనీ ఆయన చెప్పాడు. మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్న కన్నా మనిషి ఏమి చేయగలడన్న ప్రశ్న ఆయనకు ముఖ్యం. 1944 చివరలో సేవాగ్రామ్‌లో మొదలైన గాంధీ, గోరాల సంభాషణ కూడా దేవుడు ఉన్నాడా లేడా అన్న తర్కంలో చిక్కుకోలేదు. అస్పృశ్యతా నిర్మూలనలో నాస్తికత్వం ఏ విధంగా పనిచేస్తున్నదన్న అంశం చుట్టూ అది ప్రధానంగా సాగింది. 1951లో వెలువడిన ‘ఏన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ ఆ సంభాషణకు సాక్ష్యం.

సహపంక్తి భోజనాలు ఆ కేంద్రం ఆచరణలో ముఖ్యమైనవి. గోరా తన పెద్ద కుమార్తెకు దళిత యువకునితో వివాహం తలపెట్టినప్పుడు దానిని సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీ అంగీకరించాడు. గాంధీ హత్యానంతరం 1948 మార్చిలో ఆ వివాహం అక్కడే జరిగింది. లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలత 1960లో దంపతులయ్యారు. 1970ల నుంచి వారిద్దరూ స్టువర్టుపురంలో పనిచేశారు. నేరస్థుడుగా ముద్రపడిన మనిషి ఆ ముద్ర తన రక్తంలో లేదని తెలుసుకోవాలి, సమాజం కూడా తెలుసుకోవాలి అన్నది ఆ కృషి సారాంశం.

ఇక్కడ జాషువాను స్మరించడం అప్రస్తుతం కాదు. ‘గబ్బిలం’ కావ్యంలో ఆయన మేఘాన్నీ హంసనూ దూతగా ఎంచుకోలేదు. గబ్బిలాన్ని ఎంచుకున్నాడు. పక్షి జాతిలోనూ మృగ జాతిలోనూ లోకం స్థానం ఇవ్వని ప్రాణి అది. గుడిలోకి ప్రవేశం లేని మనిషి మొరను గుడిలో స్వేచ్ఛగా వేలాడే ప్రాణి మోసుకుపోతుంది. జాతి గీతల అర్థరాహిత్యాన్ని కవి ఏ సిద్ధాంతమూ చెప్పకుండానే పాఠకుని ముందు నిలిపాడు.

6. సిద్ధం, సాధ్యం

ఇప్పుడు మూలప్రశ్నను తిరిగి పరిశీలించవచ్చు. మీమాంసకులు సిద్ధ, సాధ్య విభాగం చేశారు. ఉన్న వస్తువును గురించి చెప్పే వాక్యం సిద్ధబోధకం. చేయవలసిన పనిని గురించి చెప్పేది విధి. వస్తువును వర్ణించే వాక్యం విధికి తోడై దానిని బలపరచగలదే గాని, తనంతట తానుగా ఎవరినీ కర్తవ్యానికి నియోగించదు. మనుషులందరిదీ ఒకే వంశం అన్నది సిద్ధబోధక వాక్యం. మనుషులందరినీ సమానంగా చూడాలి అన్నది విధి. మొదటిదాని నుంచి రెండవది తర్కబలంతో పుట్టదు. అన్నదమ్ముల మధ్య కురుక్షేత్రం జరిగిన కథ తెలిసిన సమాజానికి, ఒకే వంశంలో పుట్టడం సమతకు హామీ కాదన్న సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విభాగాన్ని విస్మరిస్తే వచ్చే ప్రమాదం నేటి జన్యుపరిశోధన వల్ల మరింత స్పష్టమైంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం భాగస్వామిగా 2009లో వెలువడిన అధ్యయనం, దానిని కొనసాగించిన 2013 నాటి అధ్యయనం భారతీయ జనసమూహాల చరిత్రను జన్యువుల ద్వారా చదివాయి. సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రితం వరకు ఈ ఉపఖండంలో భిన్న జనసమూహాల మధ్య విస్తృతమైన కలయిక జరిగిందనీ, ఆ తరువాత స్వకుల వివాహపద్ధతి బలపడి కలయిక తగ్గిందనీ అవి సూచించాయి. ఆంధ్ర ప్రాంతపు ఒక సామాజికవర్గంలో ఈ కట్టుబాటు వంద తరాలకు పైగా గట్టిగా సాగినట్లు తేలింది. మత్తుమందు ఇచ్చే సమయంలో వాడే ఒక రకం ఔషధం ఆ వర్గంలో కొందరికి ప్రమాదకరం కావడం ఈ పరిమిత వివాహాల పర్యవసానమే.

పూర్వపక్షి ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చు. కులాల మధ్య జన్యుభేదం కొలతకు అందుతున్నప్పుడు కులం ప్రకృతిసిద్ధమే కదా? సమతను జీవశాస్త్రం మీద మాత్రమే నిలిపినవారికి ఈ ఆక్షేపణ ఇబ్బందికరం. ఒక కొలత ఆధారంగా కట్టిన ఇల్లు మరొక కొలతతో కూలిపోతుంది. దీనికి సమాధానం కార్యకారణాలను సరిగా గుర్తించడంలో ఉంది. జన్యుభేదం కులానికి కారణం కాదు. కులనియమం జన్యుభేదానికి కారణం. మనిషి పెట్టుకున్న కట్టుబాటు వంద తరాల పాటు శరీరంపై తన గుర్తును వేసింది. ఏటి నీటికి కట్ట కట్టి, కట్టకు రెండు వైపులా నీటిమట్టం వేరుగా ఉన్నది కాబట్టి నీళ్లు రెండు రకాలని ఎవరూ అనరు. 1850లలో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట కట్టిన తరువాత డెల్టా భూముల తీరు మారింది. ఆ మార్పు నిజమైనదే. దానిని చేసినది మాత్రం మనిషి.

కాబట్టి పరిణామ సిద్ధాంతం సమతను నిరూపించదు. అసమతకు ఉన్న అతిప్రాచీనమైన సాకును అది తొలగిస్తుంది. ముఖం నుంచి కొందరు, పాదాల నుంచి కొందరు పుట్టారన్న భావనను అక్షరసత్యంగా తీసుకునే అవకాశం దాని ముందు నిలవదు. జాతి నిత్యం, దానిని మార్చడం ఎవరి తరమూ కాదు అన్న మాటకూ స్థానం ఉండదు. సాకు తొలగిన తరువాత మిగిలేది మనిషి నిర్ణయం. అసమతను కొనసాగించేవాడు ఇకపై ప్రకృతిని గాని దైవాన్ని గాని సాక్షిగా పిలవలేడు. తాను ఎంచుకున్నానని ఒప్పుకోవలసి ఉంటుంది.

టి. హెచ్. హక్స్‌లీ 1893లో చేసిన ‘ఎవల్యూషన్ అండ్ ఎథిక్స్’ ప్రసంగంలో ప్రకృతిక్రమాన్ని అనుకరించడం నీతి కాదనీ, దానికి ఎదురునిలవడమే నీతి అనీ వాదించాడు. డార్విన్ మాత్రం నైతికబుద్ధికి మూలాన్ని సంఘజీవి ప్రాణుల సానుభూతిలో చూశాడు. తన గుంపుకు పరిమితమైన ఆ సానుభూతి క్రమంగా మానవులందరికీ, ఆపైన ఇతర ప్రాణులకూ విస్తరించగలదని ఆశించాడు. ఇవి పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. నిజానికి ఒకటి శక్తిని గురించి, మరొకటి దిశను గురించి చెబుతున్నాయి. సానుభూతి అనే శక్తి పరిణామం ఇచ్చినది. తనవారు, పరాయివారు అన్న విభజన కూడా పరిణామం ఇచ్చినదే. ఆ శక్తిని ఎంతవరకు విస్తరించాలన్న నిర్ణయాన్ని పరిణామం చేయదు. గోరా చెప్పిన స్వేచ్ఛ, బాధ్యత అన్న భావనలకు ఈ చోట తాత్త్వికమైన విలువ ఉంది. ఆదేశమిచ్చే దేవుడు లేడన్నవాడు ప్రకృతిని ఆ పీఠంమీద కూర్చోబెట్టకూడదు. గోరా ఆ పీఠాన్ని ఖాళీగా ఉంచి, పంక్తిభోజనంలో పక్కన కూర్చున్న మనిషికి జవాబుదారీ వహించాడు.

7. మానవేతర ప్రాణులు

జాతి గీత నిత్యం కానప్పుడు కరుణ ఆ గీత దగ్గర ఎందుకు ఆగాలన్న ప్రశ్న సహజంగా వస్తుంది. పూర్తి చర్చకు ఇది చోటు కాదు. ఒక వైరుధ్యాన్ని మాత్రం గుర్తించవచ్చు. వాల్మీకి కిష్కింధాకాండలో హనుమంతుని మాటతీరును బట్టి అతడు వ్యాకరణం చదివినవాడని రాముడు ప్రశంసిస్తాడు. వానర శబ్దానికి ‘ఇతడు నరుడా’ అన్న సందేహాన్ని వ్యుత్పత్తిగా చెప్పే సంప్రదాయం కూడా ఉంది. కావ్యం గీతను ఇంత సడలించిన సమాజమే గుడి దగ్గర కోతికి అరటిపండు పెట్టి, తోట దగ్గర దానిని బెదరించడానికి కొండముచ్చును తెస్తుంది. అడవి తరిగి కోతి ఊరిలోకి వచ్చిందన్న కారణం ఆ రెండు చర్యలలోనూ మరుగున పడుతుంది. మనిషిని కోతి అని తిట్టే వాడుకలో కూడా ఇదే చిక్కు ఉంది. ఆ తిట్టుకు పదును రావాలంటే కోతి హీనమని ముందుగా ఒప్పుకోవాలి. నిచ్చెన ఆలోచన పోనంతవరకు దాని కిందిమెట్టుమీదికి ఎవరో ఒకరిని తోయడం ఆగదు.

8. ముగింపు

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2023లో పదో తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుంచి జీవపరిణామ భాగాన్ని తొలగించినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ ద్వారా అభ్యంతరం తెలిపారు. పై తరగతిలో జీవశాస్త్రం ఎంచుకున్నవారికి ఆ పాఠం అందుబాటులోనే ఉంది. పదో తరగతితో జీవశాస్త్రాన్ని విడిచిపెట్టే విద్యార్థి మాత్రం దానిని చదవకుండానే బడి దాటుతాడు. అతడు ‘జాతి’ అన్న మాటను ధ్రువపత్రంలోనూ, పెళ్లి మాటల్లోనూ, తిట్టులోనూ వింటాడు. ఆ మాటకు కాలం ఉందనీ, అది మారుతుందనీ, దాని వెనుకకు పోతే మనుషులందరూ ఒకే గడపకు చేరతారనీ చెప్పే ఒక్క పాఠం అతనికి అందదు.

ఆ పాఠం చదివినంత మాత్రాన అతడు సమతావాది కాడు. పై పరిశీలన తేల్చిన అంశం అదే. ఏనాటికైనా తన పక్కన కూర్చున్నవాని కులం అడగాలనిపించినప్పుడు, ఆ ప్రశ్నను ప్రకృతి అడిగించడం లేదనీ, తానే అడుగుతున్నాననీ అతనికి తెలుస్తుంది. ముదునూరు పంక్తిభోజనాలకూ, స్టువర్టుపురం హాజరుపట్టీకీ మధ్య ఉన్న తేడా జీవశాస్త్రంలో లేదు. ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే మానవజాతి. తేడా మనుషులు చేసిన నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయానికి మనిషే బాధ్యుడని తెలియజేయడం పరిణామ భావన నీతికి చేయగల ఉపకారం.